రోజూ తినేదేంటి, మానకుండా చేసే కసరత్తేంటి? మీ ఇంట్లో నిజంగా జరిగేదే చెప్పండి

కూకట్‌పల్లి కుర్చీ:

నమస్తే అందరికీ. వయసు 36, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 81 కిలోలు. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా కుర్చీలోనే. మొన్న టెస్టులు చేయిస్తే షుగర్ బోర్డర్‌లో ఉంది, ట్రైగ్లిజరైడ్లు, అదే రక్తంలో కొవ్వు, ఎక్కువే ఉన్నాయి. డాక్టర్ గారు "బరువు తగ్గాలి, నడవాలి" అని రెండు ముక్కల్లో తేల్చి పంపించేశారు.

నేను అడిగేది డైట్ ప్లాన్ కాదండీ. ఫోన్ తెరిస్తే ఒకాయన ఓట్స్, అవకాడో అంటాడు, ఇంకొకాయన అన్నం విషం అంటాడు, మూడో ఆయన వారానికి ఏడు రకాల చిరుధాన్యాలు చార్టు వేసి మరీ చూపిస్తాడు. ఇవేవీ మా ఇంట్లో నాలుగు రోజులకి మించి నడవవు. మా ఆవిడ టీచర్, ఎనిమిదిన్నరకల్లా స్కూల్లో ఉండాలి, నాకొక వంట మిగతావాళ్ళకొక వంట చేసే తీరిక ఇద్దరికీ లేదు. ఇంట్లో రోజూ ఉండేవి అన్నం, పప్పు, ఒక కూర, చారు, పెరుగు, పచ్చడి. పొద్దున ఇడ్లీయో ఉప్మాయో. గుడ్లు తింటాం, ఆదివారం చికెన్.

జిమ్ముకీ వెళ్ళి వచ్చాను. ఏడాది డబ్బులు ముందే కట్టించుకున్నారు, మొదటి వారంలోనే ట్రైనర్ పౌడర్ డబ్బా కొనమని వెంటపడ్డాడు, వద్దన్నాక నా వైపు చూడటం మానేశాడు. ఇప్పుడు ఇంట్లోనే ఏదైనా చేద్దామని ఉంది. మీలో ఫిట్‌గా ఉన్నవాళ్ళు, ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు, రోజూ ఆలోచించకుండా తినే తిండి ఏంటో, ఒళ్ళు బద్ధకంగా ఉన్న రోజు కూడా చేసే రెండు మూడు కసరత్తులు ఏంటో చెప్పండి. కొత్త సామాన్లు కొనే పని లేకుండా అయితే ఇంకా మంచిది.

వంటింటి తూకం (గుంటూరు):

మీ మెనూలో తీసెయ్యాల్సింది ఏమీ లేదండీ, పాళ్ళు తేడాగా ఉన్నాయి, అంతే. వంటింట్లోకి తూకం మిషన్ కొన్నప్పటి నుంచి నాకు ఈ లెక్కల పిచ్చి పట్టుకుంది, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక లేనివాళ్ళు దాటేసి కిందికి వెళ్ళిపోండి.

మన ఇళ్ళల్లో మామూలు రోజు తీసుకుందాం. పొద్దున మూడు ఇడ్లీలు, చట్నీ. మధ్యాహ్నం కంచం నిండా అన్నం, వండాక తూస్తే 300 గ్రాముల దాకా ఉంటుంది, దాంట్లోకి పప్పు, వేపుడు, చివర్లో పెరుగు. సాయంత్రం టీ. రాత్రి మళ్ళీ అన్నం, చారు, మధ్యాహ్నం మిగిలిన కూర, మజ్జిగ. ఇందులో ప్రొటీన్ ఎంతుందో లెక్కేస్తే ఇడ్లీ చట్నీల్లో 8 గ్రాములు, మధ్యాహ్నం అన్నంలో ఏడెనిమిది, పప్పులో ఐదారు, పెరుగులో ఐదు, టీ పాలల్లో మూడు, రాత్రి భోజనం మొత్తానికి తొమ్మిది. ఎంత సాగదీసినా 40 దాటదు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే లెక్క కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. మీ ఎత్తుకి ఉండాల్సిన బరువు 68 కిలోలు అనుకుంటే 56 గ్రాములు కావాలి. అంటే కడుపు నిండా తింటూనే రోజూ పదహారు పదిహేడు గ్రాములు తక్కువ పడుతున్నాయన్నమాట, ఆ ఖాళీని అన్నం పూడుస్తోంది.

దీనికి డబ్బాలు అక్కర్లేదు. 2024లో ఆ సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ కోసం ప్రొటీన్ పౌడర్ల జోలికి పోవద్దనే ఉంది. ఉడకబెట్టిన గుడ్లు రెండు, 12 గ్రాములు. సాయంత్రం బిస్కెట్లకి బదులు వేయించిన పల్లీలు చిన్న గుప్పెడు, 25 గ్రాములు అనుకోండి, అందులో ఆరు. లోటు పూడిపోయింది. పల్లీలు గిన్నెలోకి తీసుకుని డబ్బా మూత పెట్టి లోపల పెట్టెయ్యండి, వంద గ్రాములకి 560 కేలరీల పైమాటే, టీవీ ముందు డబ్బా పెట్టుకు కూర్చుంటే ఒక భోజనం లేచిపోతుంది.

అసలు కిటుకు పప్పు దగ్గరుంది. మా అత్తగారింట్లో నలుగురికి టీ గ్లాసుడు కందిపప్పు పోస్తారు. తూస్తే వంద గ్రాములు, మనిషికి పాతిక. గోంగూరో పాలకూరో కలిపి మెదిపాక గిన్నె నిండా కనిపిస్తుంది, అందరూ "పప్పు బాగా తింటాం" అనుకుంటారు. నేను వచ్చాక గ్లాసున్నర చేశాను, నీళ్ళు తగ్గించాను, కంచంలో ముందు పప్పూ కూరా వడ్డించి ఆ మిగిలిన జాగాలోనే అన్నం పెడతాను. మొదట్లో మా మావయ్యగారు "ఇదేం వడ్డన, అన్నంలో పప్పు కలుపుకోవాలి గానీ పప్పులో అన్నం కలుపుకుంటారా" అని గొణిగారు. ఇప్పుడు గొణగడం లేదు. ఆ మార్గదర్శకాల్లోనే ఇంకో మాట ఉంది, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం మించకూడదని. మన దేశంలో చాలామందికి 50 నుంచి 70 శాతం ధాన్యాల నుంచే వస్తోందట. మన కంచం చూసుకుంటే ఆశ్చర్యమేమీ లేదు.

ఇంకొకటి, ఉప్మా వారంలో ఒక్కరోజుకి తగ్గించి పెసరట్టు వేసుకోండి. పెసలు రాత్రి నానబోస్తే చాలు, పిండి పులవాల్సిన పని లేదు, పొద్దున మిక్సీ మీరు పట్టారంటే మీ ఆవిడకి అట్టు వేసే పని ఒక్కటే. మనిషికి 60 గ్రాముల పెసలు పడితే 14 గ్రాముల ప్రొటీన్ అక్కడే వచ్చేస్తుంది. అందులో ఉప్మా కూరి తింటే మాత్రం నా బాధ్యత లేదు.

ఐరన్ బాడీ:

బ్రో ఇంత లెక్కలెందుకు, అన్నం పూర్తిగా మానేసి మూడు పూటలా చపాతీ తిను, లేదంటే రాగులు. నెలలో తేడా తెలుస్తుంది. అన్నం తింటూ బరువు తగ్గినవాళ్ళని నేనైతే చూడలేదు.

సంగటి ముద్ద (కదిరి):

పై తమ్ముడికి, అన్నం తింటూ సన్నగా ఉన్నవాళ్ళని చూడాలంటే నాట్ల టైంలో ఏ పల్లెకైనా పోయి రా. చపాతీ ఏమన్నా మందా? ఒక పుల్కాకి ముప్పై గ్రాముల పిండి పడుతుంది, వంద కేలరీలు. వండిన అన్నం వంద గ్రాములు 130 కేలరీలు. నాలుగు చపాతీలు నూనె వేసి కాల్చుకుని బంగాళదుంప కూరతో తినేవాడికి, కొలిచి అన్నం పెట్టుకుని ఆకుకూర పప్పు తినేవాడికి ఎవరికి లాభమో నువ్వే చెప్పు. చపాతీతో ఉన్న ఒకే ఒక్క సుఖం లెక్కపెట్టుకోవచ్చు, మూడు అనుకుంటే మూడే. అన్నం అలా కాదు, "ఇంకొంచెం పెరుగన్నం" అంటే ఎంత కొంచెమో ఎవడికీ తెలియదు.

రాగుల సంగతి నాకు చెప్పొద్దు, నేను పుట్టి పెరిగిందే సంగటి మీద. 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది చూడండి, అప్పటి నుంచి సిటీలో ప్రతి హోటల్లో సంగటి ఒక ఫ్యాషన్ అయిపోయింది. రాగిలో కాల్షియం బ్రహ్మాండంగా ఉంటుంది, వంద గ్రాములకి 340 మిల్లీగ్రాములకి పైనే, ఏ ధాన్యంలోనూ అంత లేదు. పీచూ ఉంటుంది. కానీ ప్రొటీన్ మాత్రం ఏడు శాతమే, అటూ ఇటూగా బియ్యంతో సమానం. పైగా సంగటిలో బియ్యం నూకలు కూడా వేస్తాం కదా. మెత్తగా ఉంటుంది, నమలకుండా మింగేస్తాం, నాటుకోడి పులుసు ఉందంటే రెండు ముద్దలు ఎటు పోయాయో తెలియదు. కాబట్టి రాగి తిన్నంత మాత్రాన సన్నబడిపోతారని ఎవరన్నా అంటే నమ్మకండి.

మా ఇంట్లో నిజంగా పని చేసేది ఉలవలు. వారంలో రెండు రోజులు గ్యారంటీ. రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కుక్కర్లో ఆరేడు విజిల్స్ రానిస్తాం. ఉడికిన నీళ్ళు వంచి కట్టు చారుకి తీసేసి, గింజల్ని ఎర్రగడ్డ, ఎండుమిరపకాయ, కరివేపాకుతో తాలింపేసి పైన కొంచెం పచ్చికొబ్బరి చల్లుతాం. మనిషికి 50 గ్రాముల ఉలవలు అనుకుంటే 11 గ్రాముల ప్రొటీన్. ఒక కప్పు గుగ్గిళ్ళు తిని కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఆకలి మాటే ఉండదు. అలవాటు లేనివాళ్ళు మొదటి రోజే కప్పు నిండా తినకండి, ఆఫీసులో పక్క సీటువాళ్ళు ఇబ్బంది పడతారు.

రిటైర్డ్ డ్రిల్ మాస్టర్ (హనుమకొండ):

తిండి గురించి ఆడవాళ్ళు, రైతులు బాగానే చెప్పారు, నేను కసరత్తు మాత్రం చెప్తాను తమ్ముడూ. బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల చేత చేయించినవే, ఇప్పటికీ నేను చేసేవే.

బస్కీలు (గుంజీల్లా కూర్చుని లేవడం), దండీలు (పుష్-అప్స్), బరువు లాగడం, నడక. ఈ నాలుగే. మిగతావన్నీ వీటి మీద సోకులు.

బస్కీలు అనగానే గబగబా యాభై తీసి రెండు రోజులు మెట్లు దిగలేక కూర్చుంటారు. అలా కాదు. ఇంట్లో భోజనాల బల్ల కుర్చీ ఒకటి గోడకి ఆనించి పెట్టుకో. దాని ముందు నిలబడి, పాదాలు భుజాలంత వెడల్పున, వేళ్ళు కొంచెం బయటికి. కూర్చోబోతున్నట్టు ముందు నడుం వెనక్కి పంపి మెల్లగా దిగు, కుర్చీ అంచు తగలగానే బరువంతా దాని మీద వదిలెయ్యకుండా మళ్ళీ లేవాలి. మడమలు నేల వదలకూడదు. మోకాళ్ళు లోపలికి వాలకూడదు, చాలామందికి లేచేటప్పుడు అవి ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకుంటాయి, అక్కడే నొప్పి మొదలవుతుంది. పది చేసి ఆగు, ఊపిరి సర్దుకున్నాక ఇంకో పది, తర్వాత ఇంకో పది. అది తేలికైపోయాక కుర్చీ తీసేసి కింద పీట పెట్టుకో. మన అమ్మమ్మలు పీట మీద కూర్చుని లేచి, కూర్చుని లేచి రోజంతా ఇదే చేసేవాళ్ళు, ఎవరూ కసరత్తు అని పేరు పెట్టలేదు.

దండీలు నేల మీద రావు అని సిగ్గుపడొద్దు, 81 కిలోల మనిషికి వెంటనే రావు. ముందు గోడకి చేతులు ఆనించి చేయి. తర్వాత వంటగది గట్టు మీద. ఆ తర్వాత మంచం అంచు, చివరికి నేల. తల నుంచి మడమ దాకా ఒళ్ళు కర్రలా ఉండాలి, పొట్ట జారకూడదు. మోచేతులు రెక్కల్లా పక్కలకి చాచకుండా కాస్త ఒంటికి దగ్గరగా ఉంచుకుంటే భుజాలు బతుకుతాయి.

మూడోది అందరూ వదిలేసేది. దండీలు తోసే పని చేస్తాయి, లాగే పని ఎవరు చేస్తారు? కుర్చీలో ముందుకి వంగి కూర్చునేవాళ్ళకి వీపు బలమే ముఖ్యం. పాత స్కూలు బ్యాగులో ఐదు కిలోల బియ్యం ప్యాకెట్టు పెట్టు. ఎడమ చెయ్యి కుర్చీ మీద ఆనించి, వీపు చదునుగా ఉంచి వంగి, కుడిచేత్తో బ్యాగుని నడుం దాకా లాగి మెల్లగా దించు. పది అయ్యాక చెయ్యి మార్చు. తేలికనిపిస్తే రెండో ప్యాకెట్టు వేసుకో. సూర్య నమస్కారాలు మంచివే, ఒళ్ళు వంగుతుంది, చకచకా చేస్తే ఆయాసమూ వస్తుంది, కానీ వాటిలో ఈ లాగే కదలిక లేదు, అందుకే బ్యాగు వేరే పెట్టుకోమంటున్నాను.

ఈ మూడూ వారంలో రోజు విడిచి రోజు, ఇరవై నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా అంతే కదా, వారానికి 150 నిమిషాలకి తగ్గకుండా చురుకైన నడక లాంటిది, కనీసం రెండు రోజులు కండరాల పని. నడక అంటే ఫోన్లో మాట్లాడుకుంటూ షాపుల వెంట తిరగడం కాదు, పక్కవాడితో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం ఉండాలి.

ఏటా అలిపిరి మెట్లెక్కేవాళ్ళు నన్ను అడుగుతుంటారు ఎలా తయారవ్వాలని. 3,550 మెట్లు. రెండు నెలల ముందు నుంచి అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కమంటాను, లిఫ్ట్‌లో దిగమంటాను. మోకాళ్ళ మీద ఒత్తిడి ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ. మీది ఎన్నో అంతస్తో గానీ, అక్కడితో మొదలుపెట్టు.

బీచ్ రోడ్డు నడక (విశాఖ):

మాస్టారు చెప్పినవి మగవాళ్ళకే అనుకుని ఆడవాళ్ళు దాటేసి పోతారేమో అని రాస్తున్నా. మాది శ్రీకాకుళం జిల్లా, నాకు 52. నలభై ఐదు దాటాక ఎముకలు గుల్లబారకుండా ఉండాలంటే నడక ఒక్కటే సరిపోదు, బరువు మోయాలి. నేను బ్యాగులో బియ్యం వేసి ఎత్తడం మొదలుపెట్టినప్పుడు మా అమ్మ "ఈ వయసులో మగరాయుడిలా ఆ బరువులేంటే" అంది. బరువులెత్తే కరణం మల్లీశ్వరిది ఏ ఊరమ్మా అని అడిగాను. ఆమదాలవలస పక్క ఊసవానిపేట అమ్మాయి 2000లో సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది, మన దేశంలో ఆడవాళ్ళకి అదే మొదటిది. మనం ఐదు కిలోలకి భయపడితే ఎలా? అమ్మ మళ్ళీ మాట్లాడలేదు, ఇప్పుడు తనూ కుర్చీ పట్టుకుని బస్కీలు తీస్తోంది, మెల్లగా.

నా తిండి చాలా సింపుల్. ఎండాకాలం పొద్దున చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ, పక్కన ఒక గుడ్డు. మధ్యాహ్నం అన్నం, చేప దొరికిన రోజు చేపల పులుసు, దొరకని రోజు పప్పు. చేప వంద గ్రాములకి 18, 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, వేపుడు చేసి నూనెలో ముంచకుండా పులుసే పెడతాను. పచ్చడి వారానికి రెండుసార్లకి దించాను, బీపీ వల్ల. ఉప్పు రోజుకి ఐదు గ్రాములు అంటే ఒక టీస్పూను, మన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ కలిస్తే అది ఒక్క పూటకే అయిపోతుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు ఎందుకో.

గుంటూరు అక్కకి చిన్న మాట. ప్రొటీన్ లెక్క బాగుంది, కానీ అందరికీ కాదు. మా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఇంటింటి కథ, మా బంధువుల్లోనే ఇద్దరున్నారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి పప్పు, గుడ్లు ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు కూడా ముందు కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ టెస్ట్ ఒకటి చేయించుకుని అప్పుడు పెంచుకుంటే మంచిది. ప్రశ్న వేసిన బాబుకి టెస్టులు ఎలాగూ అయ్యాయి, అందులో ఆ నంబర్ చూసుకో.

కూకట్‌పల్లి కుర్చీ:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. అక్కా, క్రియాటినిన్ 0.9 ఉంది, పర్లేదు కదా. పప్పు మేమూ టీ గ్లాసే పోస్తున్నాం, తూచాను, 95 గ్రాములు ఉంది, ఇంట్లో ఐదుగురం! ఉలవలు తెప్పించాను. ఇద్దరికీ రెండు డౌట్లు. మాస్టారూ, బస్కీలు తీస్తుంటే కుడి మోకాలు టక్ టక్‌మని చప్పుడు చేస్తోంది, నొప్పి ఏమీ లేదు, ఆపెయ్యాలా? రెండోది, నేను ఇంటికి చేరి అన్నం తినేసరికి పది దాటుతోంది, తిన్నాక అరగంటలో నిద్ర. అప్పుడు ఏం తినాలి?

రిటైర్డ్ డ్రిల్ మాస్టర్ (హనుమకొండ):

నొప్పి, వాపు లేకుండా ఒట్టి చప్పుడే అయితే భయం లేదు, చాలామందికి ఉంటుంది. కుర్చీ మీద ఇంకో దిండు వేసి ఎత్తు పెంచి, ఇంకా మెల్లగా చేయి. నొప్పి వచ్చినా, మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేసినట్టున్నా ఆపి చూపించుకో. చప్పుడు వింటూ లెక్క మర్చిపోకు.

వంటింటి తూకం (గుంటూరు):

0.9 అంటే మామూలేనండీ, అయినా మీ డాక్టర్ గారికి ఒకసారి చూపించండి. ఐదుగురికి 95 గ్రాములా, అయితే మా అత్తగారే నయం!

రాత్రి సంగతికొస్తే, పెద్ద భోజనం మధ్యాహ్నానికి మార్చెయ్యండి, సాయంత్రం ఆరింటికి ఆఫీసులోనే ఏదైనా గట్టిది తినండి, డబ్బాలో గుగ్గిళ్ళో రెండు గుడ్లో తీసుకెళ్తే సరి. అప్పుడు పదింటికి ఆకలి సగమే ఉంటుంది, చిన్న గిన్నెడు పెరుగన్నం, పక్కన మిగిలిన కూర చాలు. తినగానే పడుకోకుండా పదిహేను నిమిషాలు కారిడార్లోనో కింద సెల్లార్లోనో నడవండి, అన్నం తిన్నాక పెరిగే షుగర్‌కి ఆ కాస్త నడకే బాగా పని చేస్తుంది. సెల్లార్లో కుక్కలుంటే కారిడారే.